తెల్లగా కనిపించేదంతా ఎముక కాదు

దుఆ కోసం మా వద్దకు వచ్చే సోదర సోదరీమణుల చేతుల్లో ఈ మధ్య తరచుగా ఒక పెద్ద కవరు ఉంటున్నది. అందులో ఎక్స్‌రే ఫిల్మో, స్కానింగు రిపోర్టో ఉంటుంది. కొన్ని మా నరసాపురంలోనే తీయించినవి, కొన్ని భీమవరంలోనో రాజమండ్రిలోనో తీయించినవి. "మౌలానా గారూ, లోపల ఏదో పెరిగిందని రాశారట, ఒకసారి చూడండి" అంటారు. మేము వైద్యులము కాము. మేము అభ్యసించినది అరబీ వ్యాకరణం, ఫిఖ్హ్, హదీసు. ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి తల పంకించే ధైర్యం మాకు లేదు. కానీ ఆ కాగితాల్లో పదే పదే కనిపించే రెండు మాటలు మమ్మల్ని ఆలోచింపజేశాయి. ఒకటి కాల్సిఫికేషన్, రెండవది ఆసిఫికేషన్. ఆసుపత్రి మెట్లు దిగి ఇంటికి చేరేసరికి ఈ రెండూ ఒకే తెలుగు మాటగా మారిపోతున్నాయి: "ఎముక పెరిగింది".

మాట మారితే మందు మారుతుంది, పథ్యం మారుతుంది, మనిషి గుండెలోని భయం కూడా మారుతుంది. ఒక సోదరి భుజం ఎక్స్‌రేలో కాల్సిఫికేషన్ అని రాశారు. ఒంట్లో కాల్షియం ఎక్కువైనందువల్లనే అలా జరిగిందని ఇంటివారు తీర్మానించారు. పాలిచ్చే తల్లి అయిన ఆమె పాలు, పెరుగు మానివేసింది. వైద్యురాలు రాసి ఇచ్చిన కాల్షియం మాత్రలను కూడా పక్కన పడేసింది. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మరొక పెద్దాయన సంగతి. ఆయన మెడ వెన్నులో నిజంగానే కొత్త ఎముక ఏర్పడుతున్నది. "వయసు మీద పడితే అందరికీ సున్నం పట్టేదే కదా" అనుకుని, చేతివేళ్లు తిమ్మిరెక్కి చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితి వచ్చేదాకా ఆయన డాక్టరు ముఖం చూడలేదు. వారిద్దరికీ రిపోర్టు సరిగానే వచ్చింది. తప్పు జరిగినది దానిని తెలుగులో చెప్పుకొనేటప్పుడు. అందుకే తెలిసిన డాక్టర్లను అడిగి, చదవవలసినది చదివి, ఈ నెల ఈ విషయాన్నే రాస్తున్నాము.

మా ఊరివంటి సముద్రతీరపు ఊళ్లలో బావినీరు కాచే గిన్నెను చూడని గృహిణి ఉండదు. కొన్నాళ్లకే అడుగున తెల్లని పొర కట్టి గట్టిపడుతుంది. దానిని ఎవరూ అక్కడ పేర్చలేదు. నీటిలో కరిగి ఉన్నది నీరు ఆవిరైనప్పుడు మిగిలిపోయి పేరుకుంది. కాల్సిఫికేషన్ ఇంచుమించు ఇటువంటిది. దెబ్బతిన్న చోట, జీవం తగ్గిన చోట, పాతబడిన వాపులో కాల్షియం లవణాలు చేరి గడ్డకడతాయి. ఎప్పుడో క్షయ సోకి నయమైన ఊపిరితిత్తిలో, గర్భసంచిలోని పాత గడ్డలో, భుజం కండరాన్ని ఎముకకు కలిపే నరంలో, వయసు మళ్లిన రక్తనాళపు గోడలో కనిపించేది చాలావరకు ఇదే. వీటిలో అధిక భాగం రక్తంలో కాల్షియం సరిగ్గా ఉన్నవారిలోనే వస్తుంది. మూత్రపిండాలు చెడినవారిలో మాత్రం రక్తంలోని కాల్షియం, ఫాస్ఫరస్ లెక్కలు తప్పి, ఆరోగ్యంగా ఉన్న చోట కూడా సున్నం పడవచ్చు. అది వేరే సంగతి, దాని చికిత్స వేరు. కనుక ఆ సోదరి పాలు మానినందువల్ల భుజంలోని సున్నం రవ్వంతైనా తగ్గదు. బిడ్డకు పాలిచ్చే తల్లి ఒంటికి రావలసిన కాల్షియం మాత్రం తగ్గుతుంది.

ఎముక ఏర్పడటం అలా కాదు. అది మేస్త్రీలు, కూలీలు కలిసి ఇల్లు కట్టడం వంటిది. ఎముకను నిర్మించే జీవకణాలు ముందు ఒక మెత్తని చట్రాన్ని అల్లుతాయి. ఆ చట్రంలోకి కాల్షియం, ఫాస్ఫేటు చేరతాయి. బయట గట్టి పెంకు, లోపల సన్నని కమ్ముల అల్లిక, ఆ అల్లిక సందుల్లో మూలుగ, రక్తనాళాలు అమరుతాయి. పాత గోడను పడగొట్టే కణాలు కూడా ఆ వెంటే పని చేస్తుంటాయి. పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అక్కడ సాధారణంగా ఎముకలే కనిపించవు. ఉన్నదంతా మృదులాస్థి. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్క ఎముక మబ్బు చాటు నక్షత్రంలా ఫిల్మ్ మీద బయటపడుతుంది. పిల్లల వయసు అంచనా వేయడానికి వైద్యులు మణికట్టును చూసేది అందుకే. ఆసిఫికేషన్ అనే మాట దానంతట అది రోగం పేరు కాదు. మనమందరం దాని మీదనే లేచి నిలబడ్డాము. ఏర్పడకూడని చోట ఏర్పడినప్పుడే అది రోగం.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, ఎక్స్‌రే కిరణాలను అడ్డుకునేది రెండింటిలోనూ ఆ కాల్షియమే. అందువల్ల ఫిల్మ్ మీద రెండూ తెల్లగానే పడతాయి. మా మదర్సాలో కాయిదా చదివే ఆరేళ్ల పిల్లవానికి కూడా ఇటువంటి చిక్కు తెలుసు. బా, తా, సా అక్షరాల ఒడ్డూ పొడవూ ఒక్కటే. చుక్క కింద ఉందా పైన ఉందా, ఒకటా రెండా మూడా అన్నదే తేడా. బఖరా సూరాలో శిథిలమైన ఊరి పక్కగా వెళ్లిన ఒక వ్యక్తి వృత్తాంతం పాఠకులకు తెలిసినదే. నూరేళ్ల తర్వాత అతని కళ్లెదుటే అతని గాడిద ఎముకలు తిరిగి నిలబడ్డాయి. అక్కడ ఎముకల గురించి వచ్చే క్రియాపదానికి ప్రామాణికమైన రెండు పఠనాలు ఉన్నాయి. ఆసిమ్ తదితరులు "జా" అక్షరంతో నున్‌షిజుహా అని చదివారు. నాఫె, ఇబ్నె కసీర్, అబూ అమ్ర్ "రా" అక్షరంతో నున్‌షిరుహా అని చదివారు. ఒక్క చుక్క తేడా. మొదటి పఠనానికి లేపి ఒకదానితో ఒకటి కూర్చడం అన్న అర్థం, రెండవ దానికి జీవం పోయడం అన్న అర్థం చెబుతారు. వైద్యగ్రంథం కోసం ఆ ఆయతును లాగడం మా ఉద్దేశం కాదు. అటువంటి లాగుళ్లు మాకు నచ్చవు కూడా. కానీ ఎముకలో కూర్పూ ఉన్నది, ప్రాణమూ ఉన్నది. గిన్నె అడుగున కట్టిన సున్నానికి ఆ రెండూ లేవు.

రేడియాలజిస్టు వెతికేది ఆ కూర్పునే. తెల్లని మచ్చ దూదిపింజలానో, పిండి చల్లినట్టో, చాక్‌పీసు ముక్కలానో ఉండి, లోపల ఏ అమరికా లేకపోతే అది కాల్సిఫికేషన్ అనే వైపు మొగ్గుతారు. చుట్టూ స్పష్టమైన గట్టి అంచు, లోపల సన్నని గీతల అల్లిక కనిపిస్తే ఎముక అంటారు. మామూలు ఎక్స్‌రేలో ఒకదాని మీద ఒకటి పడి కనిపించనివి సీటీ స్కానులో ముక్కలు ముక్కలుగా విడిపోయి తెలుస్తాయి. ఎంఆర్‌ఐలో సున్నం నల్లగా పడుతుంది, ఎముక పెంకు కూడా నల్లగానే పడుతుంది. కానీ ముదిరిన ఎముక లోపల మూలుగలోని కొవ్వు తెల్లగా మెరిసి తన ఉనికిని చాటుతుంది. అల్ట్రాసౌండులో రెండూ వెనక నీడను వేస్తాయి, అక్కడ తేల్చడం కష్టం. తెల్లదనం ఎంత అనే అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పలేరు.

గీత ఎప్పుడూ ఇంత తేటగా ఉండదు. పిల్లల ఎముక పెరిగేటప్పుడు మృదులాస్థి మొదట సున్నం పడుతుంది, ఆ తర్వాతే ఎముక దాని స్థానాన్ని ఆక్రమిస్తుంది. వృద్ధుల గుండె కవాటాల్లో ఏళ్లుగా పేరుకున్న సున్నం మధ్య అచ్చమైన ఎముక, దానిలో మూలుగ కూడా కొన్నిసార్లు కనిపించాయి. కొత్తగా పుడుతున్న ఎముక మొదట్లో అల్లిక లేని మబ్బులాగే ఉంటుంది. రిపోర్టులో డాక్టరు ఏదీ తేల్చకుండా "కొంతకాలం తర్వాత మళ్లీ తీయించండి" అని రాస్తే, "ఈయనకేమీ తెలియదు" అని మరొకచోటికి పరుగెత్తేవారిని మేము చూస్తుంటాము. తెలియనిచోట ఆగడం కూడా ఇల్మ్‌లో భాగమే. మా ఉస్తాదులు మాకు నేర్పిన మొదటి అదబు అది.

ఆగడం అంటే ఏమిటో మా మదర్సాలోనే చూశాము. పన్నెండేళ్ల విద్యార్థి జామచెట్టు మీద నుంచి పడ్డాడు. మోచేయి వాచింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లవానికి అక్కడ ఒకాయన రోజూ వేడినూనెతో మర్దన చేసి, బిగిసిన చేతిని బలవంతంగా చాపించాడట. నెల తిరిగి వచ్చేసరికి మోచేతి ముందు కండరంలో రాయివంటి గడ్డ, చేయి సగానికి మించి వంగదు. రెండవ ఎక్స్‌రేలో మొదటి దానిలో లేని తెల్లని మబ్బు. చూసినవారిలో ఎవరో "కేన్సరేమో" అన్నారు. ఆ మాట తల్లి చెవిన పడింది. ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలగలేదు.

ఎముకల డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూసి, "మౌలానా గారూ, మూడు వారాలు ఆగుదాం. ఈలోగా ఆ చేతిని ఎవరూ పిసకకూడదు, గుంజకూడదు. అది మీ పూచీ" అన్నారు. మూడు వారాల తర్వాతి ఫిల్మ్‌లో మబ్బు చుట్టూ గుడ్డు పెంకులా సన్నని తెల్లని అంచు కట్టింది. నడుమ భాగం ఇంకా పలుచగానే ఉన్నది. ఆ అంచును చూపించి ఆయన ఊపిరి పీల్చుకున్నారు. దెబ్బ తగిలిన కండరంలో ఎముక పుట్టే ఈ స్థితిని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. ఇది బయటి నుంచి లోపలికి ముదురుతుంది. ఎముక కేన్సరులో సాధారణంగా నడుమ భాగం దట్టంగా ఉండి అంచులు చెదిరి ఉంటాయి. 1958లో అమెరికా పాథాలజిస్టు ఆకర్‌మన్ ఈ పొరల వరుసను వివరించాడు. వరుస ఏర్పడకముందే తొందరపడి నడుమ నుంచి ముక్క తీసి పరీక్షిస్తే, సూక్ష్మదర్శిని కింద అది కేన్సరులా కనిపించి మోసం చేయగలదు. ఆ పిల్లవాని విషయంలో మూడు వారాల ఓపిక ఒక చేతిని కాపాడింది. ఇప్పుడు ఆ చేయి పూర్తిగా చాపడం రాదు గాని, అన్నం నోటిదాకా వెళుతున్నది, ముస్‌హఫ్ పట్టుకుంటున్నాడు.

దెబ్బ ఏదీ తగలకుండా పుట్టిన గడ్డకు, రాత్రిళ్లు నిద్ర చెడగొట్టే నొప్పికి, వారం వారం పెరిగే వాపుకు ఈ ఓపిక వర్తించదు. అటువంటి వాటికి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మోచేతి దెబ్బకు మర్దన చేయకూడదని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా మన ఇళ్లలో నూనెగిన్నె మాత్రం పొయ్యి మీదికి ఎక్కుతూనే ఉంటుంది.

ఇక మన తెలుగునేల మీద ఏర్పడకూడని చోట ఎముక ఏర్పడటం ఒక మనిషికో ఇద్దరికో కాదు, ఊళ్లకు ఊళ్లకే జరిగింది. మా వద్ద చదివే పిల్లల్లో కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చినవారు కొందరు ఉన్నారు. వారి తాతలు పిల్లలను చూడటానికి వచ్చినప్పుడు మెడ తిప్పరు, మనిషే మొత్తంగా తిరుగుతారు. డెల్టాలో బావినీటితో మాకున్న తగాదా ఉప్పుతో. ఆ మెట్ట ప్రాంతపు బోరునీటిలో ఉన్నది ఫ్లోరైడు. అది రుచికి తెలియదు, వాసనకు తెలియదు. 1937లో, ఆ ప్రాంతం నెల్లూరు జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, షార్ట్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించారు. వారిలో బార్నార్డ్ అనే ఎక్స్‌రే నిపుణుడు కూడా ఉన్నారు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలోని రేడియాలజీ సంస్థ ఆయన పేరుమీదనే ఉన్నది. 1955లో నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దీఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మన సముదాయపు పిల్లలు ఇటువంటి పేర్లను తెలుసుకోవాలని మా కోరిక.

ఫ్లోరైడు ఎముక కణాలను రెచ్చగొడుతుంది. వెన్నుపూసలు, కటి ఎముకలు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లు, ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఉండే పలుచని పొర గట్టిపడి ముళ్లలా పొడుచుకొస్తాయి. ముంజేతి ఎక్స్‌రేలో ఆ పొర తెల్లబడి కనిపించడం ఈ వ్యాధికి పెద్ద గుర్తు. వైద్యుల రాతల్లోనే ఒకచోట దీనిని కాల్సిఫికేషన్ అనీ మరొకచోట ఆసిఫికేషన్ అనీ రాయడం కనిపిస్తుంది. అయితే రోగికి తేడా ఇక్కడ చిన్నది కాదు. వెన్నుపాము పక్కనున్న లిగమెంటు ఎముకగా మారి మందమెక్కితే, వెన్నుపాము పోయే దారి ఇరుకై కాళ్లు చచ్చుబడతాయి. నల్గొండలో మంచం పట్టినవారిలో కొందరికి జరిగినది ఇదే. జపానులో ఫ్లోరైడు ప్రసక్తి లేకుండానే మెడలో ఇటువంటి ఎముక ఏర్పడటాన్ని 1960 నుంచి గమనిస్తూ వచ్చారు. మొదట చెప్పిన పెద్దాయన మెడలో ఉన్నది ఆ కోవలోనిదేనని డాక్టర్లు తేల్చారు.

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మన దేశపు ప్రమాణం ఒక మిల్లీగ్రామునే కోరదగిన హద్దుగా చెబుతుంది. నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ తర్వాత మిషన్ భగీరథ నదీజలాలను ఆ ఊళ్లకు చేర్చింది. నీరు మారితే పిల్లలు బతికిపోతారు. తాతల వెన్నులో కట్టిన ఎముక మాత్రం తిరిగి కరగదు. అందుకే మెట్ట ప్రాంతాల్లో బోరు వేయించి సదఖా జారియాగా ఇచ్చే దాతలకు మా విన్నపం: పలకమీద పేరు చెక్కించే ముందు ఆ నీటిని పరీక్ష చేయించండి.

మరో రెండు మాటలు. రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లో కాల్సిఫికేషన్ అని వస్తే దానిలో ఎముక ప్రసక్తే లేదు. పెద్దవిగా, ముతకగా ఉన్న మచ్చలు చాలావరకు హానిలేనివి. సన్నగా, తలో ఆకారంలో, ఒకేచోట గుంపుగా ఉన్నవాటిని మాత్రం ముక్క తీసి పరీక్షించవలసిందే. సిగ్గుపడి దానిని వాయిదా వేయడం షరీఅతు కోరిన హయా కాదు. ఇక కండరాల్లో, మెదడులో బియ్యపు గింజల్లాంటి తెల్లని మచ్చలు. అవి చచ్చిన నాడాపురుగు పిల్లల మీద పట్టిన సున్నం కావచ్చు. "మేము పందిమాంసం ముట్టము, మాకెలా వస్తుంది" అని ఒకరు మాతో వాదించారు. ఆ పురుగు గుడ్లు మనిషి మలం నుంచి నీటిలోకి, పచ్చికూరల్లోకి, కడగని చేతుల్లోకి చేరి నోట్లోకి వస్తాయి. న్యూయార్క్‌లో పంది మాంసం తినని నిష్ఠాపరులైన యూదుల కుటుంబాల్లో ఈ వ్యాధి కనిపించినట్టు 1992లో వైద్యపత్రికలో వచ్చింది. అక్కడ వంటవారి చేతుల మీదుగా వ్యాపించిందని అంచనా వేశారు.

కళ్లతో చూసి తేల్చుకోవడం మన పూర్వీకులకు కొత్త కాదు. 1200 ప్రాంతంలో ఈజిప్టును కరువు కబళించినప్పుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ అనే వైద్యుడు అక్కడ ఉన్నాడు. గుట్టలుగా పడి ఉన్న అస్థిపంజరాలను చూడటానికి శిష్యులతో వెళ్లాడు. కింది దవడ రెండు ఎముకల అతుకు అని గాలెన్ రాసిన మాటను వెయ్యేళ్లుగా అందరూ పాఠంగా చెబుతున్నారు. ఆయన రెండు వేలకు పైగా పుర్రెలను పరిశీలించాడు. ఒక్కదానిలోనూ అతుకు కనిపించలేదు. దవడ ఒక్కటే ఎముక అని రాశాడు. గాలెన్ మీద ఆయనకు గౌరవం తగ్గలేదు. కంటికి కనిపించినదానిని మాత్రం దాచలేదు.

ఇవన్నీ విన్న తర్వాత కూడా మా వద్దకు వచ్చేవారు చివరికి అడిగే ప్రశ్న ఒకటే: నమాజు ఎలా? దానికి కాగితం మీద ఏ మాట ఉన్నదన్నది ప్రమాణం కాదు, శరీరానికి ఏది సాధ్యమన్నది ప్రమాణం. దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నేర్పిన క్రమం తెలిసినదే. నిలబడగలిగితే నిలబడి, లేకపోతే కూర్చుని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒరిగి. భుజంలో సున్నం పేరుకున్న సోదరి తక్బీరుకు చేయి ఎంతవరకు లేస్తే అంతవరకే ఎత్తాలి. అది నెలలకు దానంతట అదే కరిగిపోవడం కూడా కద్దు. అప్పుడు సడలింపు కూడా ముగుస్తుంది. వెన్ను ఎముకగా బిగిసిన తాతగారు సజ్దాకు వంగలేరు, నమ్మకమైన డాక్టరు వంగవద్దన్నారు. ఆయన కూర్చుని సైగతో చేస్తారు. రుకూ సైగ కన్నా సజ్దా సైగ కొంచెం కిందికి ఉంటే సరిపోతుంది. ఎదుట బల్ల వేసి దానిమీద నుదురు ఆనించవలసిన అవసరం లేదు. మస్జిదులో కుర్చీని సఫ్ చివర వేసుకుంటే పక్కవారికి ఇబ్బంది ఉండదు.